నేను పసుపు పూసిన హద్దురాయి

భక్తి ముదిరితే ఉద్యోగాలు ఊడతాయని మీరు విని ఉండరు. మావారి ఉద్యోగం ఊడగొట్టడానికి నేను తలంటుకుని, మడి కట్టుకుని మరీ పూనుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి బయట మిలిటరీవాళ్ల బీడు ఒకటి మావారి అజమాయిషీలో ఉండేది; దాన్ని ఆనుకునే మాకిచ్చిన సర్కారు ఇల్లు. ఆయనకు అప్పగించిన పటం ఒక మూల చినిగిపోయింది. ఆ మూల హద్దురాయి ఎక్కడుందో, ఎలా ఉంటుందో చెప్పే కాగితమే లేదు.

ఆయన కడపకు క్యాంపు వెళ్లినప్పుడు, తంగేడు పూలకు బీడు చివరిదాకా పోయిన నాకు కంపల్లో ఒక రాయి కనబడింది. మీద మూడు గీతలు, అచ్చం తిరగేసిన నామం. పాపం, స్వామిని ఎవరో తలకిందులుగా పాతారనుకున్నాను.

పక్క పొలం ఓబులప్పను పిలిచాను. "స్వామిని మా ఇంటికి చేర్చాలప్పా."

ఓబులప్ప రాతిని చూశాడు, నన్ను చూశాడు. "నీ భక్తి శానా గొప్పదమ్మా. బండి కట్టుకోనొస్తా."

అంత సంబరంగా చాకిరీ చేసిన మనిషిని నేను చూడలేదు. మా పెరట్లో స్వామిని నామం తిన్నగా ఉండేట్టు తిరగేసి నిలబెట్టి, కొబ్బరికాయ కూడా కొట్టాడు. మావారు తిరిగొచ్చేసరికి గీతలు కనబడనంత పసుపు పట్టించాను.

వానలు పడగానే ఓబులప్ప నాగలి మా బీడులోకి దిగింది.

"ఇది సర్కారు భూమప్పా" అన్నారు మావారు.

"అట్లనా సామీ? రాయి యాడుండాదో చూపించు, ఇప్పుడే ఎడ్లు తిప్పుకుంటా."

ఇంతలో పైనుంచి తనిఖీ అధికారి వస్తున్నాడని కబురు. రాయి చూపలేకపోతే ఉద్యోగమూ పోతుంది, ఉంటున్న ఇల్లూ పోతుంది. మావారు అన్నం మానేసి, నాగలికి మిగిలిన కంపలన్నీ గాలించి, కాళ్లు గీరుకుని వచ్చారు.

"దిగులుపడాకండి. మన స్వామికి మొక్కినాను, ఆయనే చూపిస్తాడు" అన్నాను.

"నీ స్వామికి తప్ప ఎవురికీ తెలిసేట్టు లేదులే."

అధికారి రానే వచ్చాడు. వెనకే ఓబులప్ప, మీసం దువ్వుకుంటూ. ఆ ఉదయమే నేను అభిషేకం చేశానేమో, స్వామి కడిగిన ముత్యంలా ఉన్నాడు. పెరట్లో చేతులు కడుక్కోబోయిన అధికారి ఆగి, మెడ వంచి, ఇంకా వంచి, దాదాపు శీర్షాసనం దాకా వెళ్లాడు.

"అమ్మా, ఇది మిలిటరీ బాణం గుర్తు. ఈ రాయి ఇక్కడికెలా వచ్చింది?"

స్వామి ఒంటిమీంచి కడిగిన పసుపంతా మావారి ముఖానికెక్కింది. నేను నీళ్లు నములుతూ జరిగింది చెప్పాను.

"రాయి దొరికింది సరే. ఇది ఉన్న చోటేది?"

పెరటి అవతల ఆ చోటంతా ఓబులప్ప దున్ని చదును చేసేశాడు. ఎటు చూసినా నాకు ఒక్కలాగే ఉంది. ఓబులప్ప చేతులు కట్టుకున్నాడు. "కంపలన్నీ కొట్టేస్తిమి సార్. ఇప్పుడు నాకేం గుర్తుంటాది?"

మావారు గోడకు ఆనుకున్నారు. నాకెక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో. "ఆ మాటే స్వామి మీద చెయ్యి పెట్టి చెప్పు, ఓబులప్పా."

"అది సర్కారు రాయి గదమ్మా."

"అయితే భయమేముండాది? పెట్టు."

చెయ్యి చాపాడు. రాతికి జానెడు దూరంలో ఆగిపోయింది. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి, తిన్నగా దున్నిన చేనులోకి నడిచి నిలబడ్డాడు.

"ఈడ."

మావారి ఉద్యోగం నిలిచింది. స్వామికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటూనే ఉన్నాను. అయినా సూర్యచంద్రుల సాక్షిగా నాదొక ప్రతిజ్ఞ: ఇకమీదట ఏ దేవుడు ఎదురైనా, సర్కారు సొత్తు కాదని మావారు సంతకం పెట్టాకే పసుపు పూస్తాను.