సుంకమ్మ అడిగిన కూలి

1938 ఎండాకాలం. రాయచోటి దగ్గర కరువు పనుల క్యాంపులో నేను డాక్టరుని. వానలు ఎగ్గొట్టడంతో రైతులు, మగ్గాలు ఆగిన నేతగాళ్లు, అందరూ గుంతల్లో రాయి తీసి రోడ్డుకు కంకర కొడుతున్నారు. ఒక్కో కూలీల ముఠా రోజుకు కొట్టాల్సిన కంకరను ‘టాస్క్’ అనేవాళ్లం. మనిషి బతకడానికి ఎన్ని జొన్నలు కావాలో చూసి ప్రభుత్వం కూలి కట్టేది. టాస్క్ తగ్గితే అందులో కోత. వారానికోసారి కొందరిని తూచి, ఆ కూలితో మనుషులు నిలబడుతున్నారో లేదో చూడడం నా పని.

సుంకమ్మ చంటిబిడ్డ తల్లి. మూడు వారాలుగా బరువు తగ్గుతోంది. ఆ రోజు తూకం బల్ల దిగుతూనే కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు తాగించి, బలానికి మందు రాయబోయాను.

"మందెందుకు సామీ?" అంది. "మా గుంతలో రాయి మారింది. సుత్తేస్తే నిప్పులు రాల్తాండాయి గానీ పగలడం ల్యా. టాస్కు కాలేదని కూలి కోస్తాండారు. కూలి తగ్గితే తిండి తగ్గుతాది. తిండి తగ్గినాక సుత్తి యాడ లేస్తాది?"

"మరెంత ఇస్తే సరిపోతుందమ్మా?"

"ఇంటికి పోయినాక పొయ్యి రాజేసేంత సత్తువ మిగలాల. బిడ్డకు పాలు పడాల. అంతే సామీ."

నాకు సిగ్గేసింది. మూడు వారాలూ అంకెలు రాసుకున్నానే గానీ ఆమెను ఒక్క మాట అడగలేదు. వెంటనే ఆ ముఠా ఆడవాళ్లందర్నీ తూచాను. పనిలో చేరినప్పటి తూకంతో పోలిస్తే ఒక్కరు తప్ప అందరూ తగ్గారు. రిజిస్టరు పట్టుకుని క్యాంపు ఆఫీసరు గుడారానికి వెళ్లాను. చేరి ఏడాది కూడా కాని ఉద్యోగం. అయినా కూలి కోయొద్దని అడిగాను.

"సోమరిపోతులకు పూర్తి కూలి ఇమ్మంటారా?" అన్నాడాయన.

"ఒక్కసారి ఆ రాయి చూడండి సార్."

విసుక్కుంటూనే గుంత దగ్గరికి వచ్చాడు. సుంకమ్మ సుత్తి ఆయన చేతికిచ్చింది. నాలుగు దెబ్బలు వేస్తే చిన్న పెచ్చు లేచింది. ఐదో దెబ్బకు చెయ్యి జివ్వుమందేమో, సుత్తి కింద పెట్టి అరచెయ్యి రుద్దుకుంటూ, ముఠా పని చూసే మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఈ రాయికి ఇంత టాస్క్ ఎవరు వేశారయ్యా?"

సాయంత్రానికల్లా ఆ గుంతకు టాస్క్ సగం చేశారు. కోసిన కూలి తిరిగిచ్చారు.

రెండు వారాలకు సుంకమ్మ బరువు పెరిగింది. బిడ్డ సంగతి అడిగితే, "నిండా తాగి నిద్రపోతాండాడు సామీ" అని నవ్వింది. గుండెల మీంచి బండ దించినట్టయింది నాకు.

ఆ తర్వాత కడప, కర్నూలు జిల్లాల్లో ఎన్నో ఊళ్లలో పనిచేశాను. కూలిమనుషులెవరు నీరసమని వచ్చినా, నాడి పట్టుకోకముందే ఒకటడిగేవాణ్ణి: "నీకు కూలెంత ఇస్తాండారు?"