చప్పిడి కూడు పంచుకున్న బావ

తాడేపల్లిగూడెం గ్రంథాలయంలో శరీరశాస్త్రం మీద ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. నాలుగో తరగతితో బడి మానేసి, బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇన్ని చదివానని చెప్పుకోవడం నాకిష్టం. మూత్రపిండం చిక్కుడు గింజలా ఉంటుందనీ, దాన్నిండా సన్నని గొట్టాలుంటాయనీ వాటిలో ఉంది. అది చెడినవాడి పక్కన కూర్చునే మనుషుల గురించి ఒక్క పేజీ కూడా లేదు. మొన్న వార్షికోత్సవంలో బీరువాలిచ్చిన దాతలకు పూలదండలు వేశారు. ఆ సభలో కూర్చున్నప్పుడే, మా అన్నయ్యను కనిపెట్టుకుని ఉన్న ఇద్దరి సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరనిపించింది. పేర్లు మాత్రం రాయను. ఆ ఇద్దరిలో ఒకామె వద్దంది. "ఎత్తిపోసిన పనికి పేరెందుకు బాబూ?" అంది.

అన్నయ్యది కొల్లేటి లంకలో చేపల వేట. మొదట పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు కనిపించేది. ఎక్కువ నిద్ర అనుకున్నాం. తరవాత కాళ్లకు దిగింది. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటిదాకా పూడేది కాదు. ఏలూరు తీసుకెళ్లాం. డాక్టరు గారు మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచారు. ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది.

"మూత్రపిండాలు చెడ్డాయి. దీనికి మందు లేదయ్యా. ఉప్పు పూర్తిగా మానిపించండి. పాలు, చప్పిడి అన్నం పెట్టండి. రోజుకెంత నీరు పోతోందో కొలవండి," అన్నారు. నేను అడిగిన ప్రశ్నలు విని, చదివినవాణ్ణని ముచ్చటపడి, గొట్టం ఒకటి నా చేతికిచ్చి కాచడం నేర్పారు. ఆ రోజు అంత దుఃఖంలోనూ నాకు కాస్త గర్వంగానే ఉంది.

మాది చేపలకు ఉప్పు రాసి ఎండబెట్టే ఇల్లు. వదిన ఉప్పు కుండలన్నీ పక్కింటికి చేర్చింది. అన్నయ్య మూడు రోజులు చప్పిడి తిన్నాడు. నాలుగో రోజు కంచం తోసేశాడు. అప్పుడొచ్చాడు బావ. వరసకు బావ, వేటలో జోడీ. పదిహేనేళ్లు ఇద్దరూ ఒకే దోనెలో తిరిగారు.

"ఏం బావా, కూడు మీద అలిగావంట?"

"నువ్వు తిని చూడు. మన్ను తిన్నట్టుంది."

"ఎన్నాళ్లు తినాలంట?"

"చచ్చేదాకా. మావోడు పుస్తకంలో చూశాడు."

"అయితే నాకూ వడ్డించు చెల్లెమ్మా," అని వదినతో చెప్పి ఎదురుగా పీట వేసుకున్నాడు. ఆ రోజు మొదలు వేట నుంచి రాగానే మా ఇంటికే వచ్చి, అన్నయ్యతో కలిసి చప్పిడి తినేవాడు. "మీ అమ్మ పెట్టినా ఇంత బుద్ధిగా తినలేదురా నువ్వు," అని అన్నయ్య ఏడిపించేవాడు. బావ తన ఇంట్లో కూడా ఉప్పు మానేశాడు. ఎందుకని అడిగితే, "ఓ పూట రుచి తగిలితే మర్నాడు ఇది మింగలేనురా. మీ అన్న నా మొహం చూసి కనిపెట్టేస్తాడు," అన్నాడు.

మూత్రం కొలిచే పనికి ఇంట్లోవాళ్లం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బట్టలకొచ్చే చాకలి పెద్దమ్మ తనే కొలతగీతలున్న సీసా అందుకుంది. ఆమెకు చదువు రాదు. గీతల వరకు కొలిచి, రంగు చూసి, గుర్తుపెట్టుకుని నాకు చెప్పేది. నేను ఆదివారం భీమడోలులో రైలు దిగి, గట్ల వెంట నడిచి, దోనె ఎక్కి ఇంటికి చేరేవాణ్ణి. గొట్టం కాచేవాణ్ణి. "ఏరా, పుస్తకం ఏమంది?" అని అన్నయ్య అడిగేవాడు. "కొంచెం తగ్గింది," అనేవాణ్ణి. ఒక్కసారీ తగ్గలేదు.

ఏడో నెలలో ఒక ఆదివారం గొట్టం తేటగా ఉండిపోయింది. ఎంత కాచినా గడ్డకట్టలేదు.

పెద్దమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "ఇది నాకు నచ్చలేదు బాబూ. నిన్నటిదాకా మసినీళ్లలా ఉన్నది ఒక్క పూటలో ఇంత తేటగా ఎట్టా అవుద్దండీ? రోజూకంటే ఎక్కువ కూడా ఉంది."

"అదే మంచి గుర్తు పెద్దమ్మా. బాగుపడుతుంటే నీరు ఎక్కువ పోతుందని పుస్తకంలో ఉంది. నువ్వు చదవలేదు గదా," అన్నాను. ఆమె సీసా కడగడానికి వెళ్లిపోయింది.

నేనే వెళ్లి పక్కింటి నుంచి ఉప్పు కుండ తెచ్చాను. వదిన కొర్రమీను పులుసు పెట్టింది. బావ అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. అన్నయ్య తను తింటూ, బావ తినడమే ఎక్కువగా చూశాడు. ఇక ఉప్పు తినొచ్చని చెప్పి నేను గూడెం వచ్చేశాను. గ్రంథాలయంలో అందరికీ చెప్పుకున్నాను.

పది రోజులకు కబురొచ్చింది. వెళ్లేసరికి పొట్ట ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక అన్నయ్య గోడకానుకుని ఉన్నాడు. నేను స్పిరిటు దీపం తీశాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాచకురా. ఆ రోజుది నాది కాదు. మీ బావది."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎండలో వల లాగుతూ బావ కాళ్లు కొంకర్లు పోయి, దోనెలో రెండుసార్లు పడిపోయాడట. ఉప్పు తినమంటే వినడు. అందుకని, "ఈ పూట నాకు రాలేదు, ఆ ముసల్ది అరుస్తుంది, నువ్వు నింపి పోరా," అన్నాడట. బావ నవ్వుకుంటూ నింపి వెళ్లాడు. నేను దాన్ని కాచి చూస్తానని బావకు తెలియదు.

"మరి నువ్వెందుకు తిన్నావన్నయ్యా?"

"నేను తినకపోతే వాడు తింటాడా?"

నాలుగో రోజున పోయాడు. ఉప్పు ముట్టకపోయినా ఆ ఏడు గడిచేది కాదని ఏలూరు డాక్టరు గారు అన్నారు. అది నిజమో, ఓదార్పో తెలుసుకుందామని ఎన్నో పుస్తకాలు తిరగేశాను. ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ డాక్టరు గారికి, ఏడు నెలలు ఒకే చప్పిడి కుండ వండిన వదినకు, రేవులో నన్ను ఎక్కించుకున్న దోనెవాళ్లకు కృతజ్ఞుణ్ణి. చాకలి పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, నీ మాట వినాల్సిందన్నాను. "మీరు చదువుకున్నోరు గదండీ. నా కళ్లే మసకబారాయేమో అనుకున్నాను," అంది.

బావకు ఆ సీసా సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఇంటికి వెళ్లి, "మీ మేలు మరిచిపోలేం బావా," అన్నాను. వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు.

"ఆ పులుసు రెండోసారి ఎందుకడిగానురా," అన్నాడు.