మందని తాపిన పచ్చిగుడ్డు

నా కూతురు కోమలి పెద్దమనిషైన తొమ్మిదో రోజు పొద్దున మంచం దిగలేకపోయింది. కడుపు మెలిపెడుతోందని ముడుచుకుని పడుకుంది. మధ్యాహ్నానికి చలిజ్వరం, విరేచనాలు. తమిళనాడులో మా ఊరు గుడియాత్తం; మా వీధి మందుల షాపులో బిళ్లలు తెచ్చి వేశాను. విరేచనాలు కట్టాయి, జ్వరం మాత్రం దిగలేదు.

మా వైపు పెద్దమనిషైన పిల్లకు రోజూ పరగడుపున పచ్చిగుడ్డు, నువ్వులనూనె తాపుతారు. జ్వరంలో ఆపుదామంటే మా అత్త ఒప్పుకోలేదు.

“నీరసంగా ఉండేటప్పుడే గదమే తాపాల్సింది? మనింటి కోడి గుడ్డే గదా!” అంది. నాకూ నిజమే అనిపించింది. ఇంకో రెండు రోజులు ముక్కు మూసి నేనే తాపాను.

మూడో రోజు పిల్ల మాట తడబడింది. కారు మాట్లాడుకుని వేలూరు పెద్దాసుపత్రికి పరిగెత్తాం. ఒంట్లో నీరు తగ్గిపోయింది, క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీల మీద దెబ్బ పడుతోంది అన్నారు. రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీశారు. డాక్టరమ్మది ఆర్కాడు, మనలాగే తెలుగు మాట్లాడుతుంది. “ఏమేమి తినిందమ్మా?” అని మూడుసార్లు అడిగింది. బిరియానీ, పెరుగన్నం, చుట్టాలు తెచ్చిన ఐస్‌క్రీమ్ దాకా అన్నీ అప్పజెప్పాను. గుడ్డు మాట చెప్పలేదు. దాచాలని కాదు. నా బుర్రలో అది తిండి కాదు, మందు.

రెండు రోజులకు డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చింది.

“సాల్మొనెల్లా అనే క్రిమి రక్తంలోకి పోయిండాది. పచ్చిగుడ్డు ఏమన్నా ఇచ్చినారా?”

“నేనే తాపినాను తల్లీ. మా ఇంటి కోడిదే, కడిగి కూడా కొట్టినా” అన్నాను.

“కోడి బాగానే కనిపిస్తాదమ్మా. క్రిమి గుడ్డు లోపల కూడా ఉండొచ్చు. కడిగితే పోదు, బాగా ఉడికిస్తేనే పోతాది.”

మొదటి యాంటీబయాటిక్ పట్టలేదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది, మందు మార్చారు. కొత్త మందు పట్టి జ్వరం దిగేదాకా నాలుగు రోజులు మంచం పక్కన కూర్చోవడం తప్ప నాకు చేతనైందేమీ లేదు. ఓఆర్ఎస్ తాపమని గ్లాసు ఇస్తే పక్కన పెట్టేశాను. నా చేత్తో ఏదీ తాపే ధైర్యం లేక నర్సునే తాపమన్నాను.

ఇప్పుడు కోమలి బడికి వెళ్తోంది. జుట్టు బాగా రాలింది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మా అత్త గొణుగుతూనే గుడ్లు ఉడకబెడుతోంది. మీకు నేను చెప్పేది ఒకటే. తిండిగా పెట్టినా, మందుగా ఇచ్చినా, గుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి.

కోమలి నన్ను ఒక్క మాట అనలేదు. ఈ రోజుకీ నేనేం పెట్టినా ఏమిటని అడక్కుండా నోరు తెరుస్తుంది. అడిగితే బాగుండు.