ప్రార్థనకు ఏ రంగు?

నందికొట్కూరు బజారులో రాజ్యలక్ష్మమ్మకు జాకెట్టు గుడ్డల అంగడి ఉంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఒక్కతే నడుపుకొస్తోంది. బొమ్మల గురించి ఆమెకు తెలిసిందల్లా క్యాలెండర్ల మీది దేవుళ్లే.

ఒక ఆదివారం కూతురు శ్రీవాసవి ఆమెను కర్నూలుకు తీసుకుపోయింది. శ్రీవాసవి పనిచేసే బళ్లోనే డ్రాయింగు టీచరైన శిరీన్ అక్కడ తన బొమ్మలు ప్రదర్శనకు పెట్టింది. హాలంతా రంగులే. మనిషి లేడు, చెట్టు లేదు. ఒక పెద్ద పటం నిండా నీలం, కింది అంచున మాత్రం కాస్త నారింజ. పక్కన చీటీ మీద 'ప్రార్థన' అని ఉంది.

రాజ్యలక్ష్మమ్మ దగ్గరికి పోయి చూసింది, వెనక్కి జరిగి చూసింది. ఉండబట్టలేక శిరీన్‌నే అడిగేసింది.

"ఇందులో దేవుడు యాడుండాడమ్మా?"

శ్రీవాసవికి సిగ్గేసింది. శిరీన్ మాత్రం నవ్వింది.

"దేవుణ్ణి గీయలేదమ్మా. తెల్లారి నమాజు చేసుకునేటప్పుడు నా లోపల ఎట్లుంటాదో, అది గీసినా."

"లోపల రంగులుంటాయా?"

"నాకుంటాయి. మీకేం రంగుంటాదో మీరే చూసుకోవల్ల."

ఆ మాట ఆమెను వదల్లేదు. శిరీన్ చేత రంగులు, కుంచె, బొమ్మలు గీసే బట్ట తెప్పించుకుంది. మొదట పసుపు పూసి నడుమ ఎరుపు పెట్టింది. అచ్చం పూజ పళ్లెంలా వచ్చింది. తనది అది కాదనిపించింది. నిజంగా నేనెప్పుడు మొక్కినాను అని ఆలోచనలో పడింది. వ్రతాలు గుర్తొచ్చాయి. వాటిలో సగంసేపు ధ్యాసంతా పొయ్యి మీది ప్రసాదం మాడిపోతుందేమోననే.

అప్పుడు తట్టింది. శ్రీవాసవికి చిన్నప్పుడు మెదడు జ్వరం వస్తే, ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఒక మధ్యాహ్నం. ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. ఎదురుగా వాకిలికి వేలాడే వెలిసిపోయిన పచ్చ తెరను చూస్తూ ఉండిపోయింది.

ఆ పచ్చ కోసం ఎన్నిసార్లు కలిపిందో. తెలుపెక్కువైతే లేత చిగురయ్యేది, నలుపు తగిలితే బురదయ్యేది. చివరికొకసారి కుంచె లాగగానే ఆ వాకిలి తెరే ఎదురుగా వేలాడినట్టయింది. బట్టంతా అదే పూసి, ఆరబెట్టి, అంగట్లో గోడకు తగిలించింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన శ్రీవాసవి చూసి, "ఇదేందిమా, ఉత్త పచ్చ?" అంది.

రాజ్యలక్ష్మమ్మ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని ఆ మధ్యాహ్నం గురించి చెప్పింది. "నిన్ను బతికించమని కూడా అడగలేదు వాసవీ. మాటే రాలేదు. ఊరికే చూస్తాంటి. నేను మొక్కిన మొక్కు అదొక్కటేనేమో."

శ్రీవాసవి పక్కన పీట లాక్కొని కూర్చుని శానాసేపు ఆ పచ్చనే చూసింది. ఎవరో వచ్చి లైనింగు గుడ్డ అడిగినా ఇద్దరికీ వినబడలేదు.

"మరి నేను ఆ జ్వరం తగ్గి కండ్లు తెరిచిన రోజుకు ఏం రంగుమా?" అంది చివరికి.

రాజ్యలక్ష్మమ్మ ఎంత వెతుక్కున్నా ఆ రోజు తానేం చూసిందో గుర్తు రాలేదు.

"తెలీదే. గీస్తే గదా తెలిసేది" అంటూ ఇంకో బట్ట తీయడానికి లేచింది.