భీమన్న పథ్యం

నాకు ముక్కు మీద కోపమని మా ఆయన అంటారు. ముక్కు మీద కాదు, మోకాలి మీద. ఒమాన్‌లో, ఘుబ్రాలోని ఇండియన్ స్కూల్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, ఆ మెట్లన్నీ ఎక్కి దిగి రిటైరయ్యాక నాకు మిగిలినవి తప్పు కనిపిస్తే సహించలేని బుద్ధి, కుర్చీలోంచి లేస్తే కిర్రుమనే మోకాళ్ళు. మోకాలి చిప్పలు మార్పించుకోమని ఒక డాక్టరు సలహా ఇచ్చారు. ఆ మాట వినగానే ఆయుర్వేదం వైపు పరుగెత్తాను, అంటే కుంటుకుంటూ వెళ్ళాను. అక్కడే భీమన్న పరిచయమయ్యాడు.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఆ వైద్యశాలను నడిపేది కౌండిన్య. రాజమండ్రి అబ్బాయి, ఆయుర్వేదం చదువుకుని వచ్చిన డాక్టరు. మాట మెత్తన, పథ్యం మాత్రం మహా కటువు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి చుట్టూ మినపపిండి ముద్దతో కట్ట కట్టించి, మధ్యలో గోరువెచ్చని నూనె పోయించేవాడు. దానికి జానువస్తి అని పెద్ద పేరు. చూడ్డానికి మాత్రం నా మోకాలి మీద ఎవరో గారె తట్టినట్టు ఉండేది. మొదటి రోజు అలా కదలకుండా పడుకుని ఉండగా, కర్టెన్ అవతల నుంచి ఒక మగగొంతు వినపడింది.

"మినపపిండి వాసనొస్తున్నది. ఎవలన్న వడలు జేస్తున్నరా?"

వడలు కావు, నా మోకాలు అని విసురుగా చెప్పాను. అవతల నవ్వు మొదలైంది. కదిలితే కట్ట పగులుతుందని బిగబట్టుకున్నాను గానీ నాకూ నవ్వాగలేదు. కట్ట పగిలింది, నూనె బల్లంతా పారింది. కౌండిన్య వచ్చి బడిపిల్లల్ని కోప్పడినట్టు ఇద్దర్నీ కోప్పడ్డాడు. మా స్నేహం అలా మొదలైంది.

భీమన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఒమాన్‌కు వచ్చింది ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కూలిపనికి. వచ్చిన కొత్తల్లో, కూలీలుండే క్యాంపు వంటవాడు సెలవు మీద ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఇంకొకడు దొరికేదాకా చూసుకోమని భీమన్నను పొయ్యి ముందు నిలబెట్టారు. ఆ ఇంకొకడు ఇంతవరకు దొరకలేదు. ఊళ్ళో ఉండగా ఇతను నీళ్ళు కూడా కాచిన పాపాన పోలేదట. అందుకని భార్య కనకవ్వ ఫోన్లో ప్రతి సాయంత్రం ఏం వండావని అడుగుతుంది, చెబితే నమ్మదు, గిన్నె మూత తీసి వీడియోలో చూపించమంటుంది. చూశాక కూడా, పక్కన ఎవరో వండి ఉంటారని అంటుంది.

మిస్ఫా వైపు ఉన్న ఆ కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో మనవాళ్ళు రెండొందల మంది దాకా ఉంటారు. ఎండలో ఇటుకలూ ఇనుమూ మోసి వచ్చిన వాళ్ళకు పుల్లగా, కారంగా ఏదైనా గొంతు దిగితేగానీ ప్రాణం లేచి రాదు. ఆ పని భీమన్నది. జ్వరమొచ్చిన వాడికి వేరే జావ కాస్తాడు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేవాడికి కూర తీసి పక్కన పెడతాడు. ఎంత మంచివాడివయ్యా అని మెచ్చుకోబోతే, నన్ను కాదు, నా పులుసును మెచ్చుకోమంటాడు. గర్వం లేని వంటవాణ్ణి నేనింతవరకు చూడలేదు. సైట్ మీద ఉన్నప్పుడు తనను నెంబరుతో పిలిచేవారని, గరిటె పట్టాకే పేరుతో పిలుస్తున్నారని ఒకసారి చెప్పాడు. అది చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇంతకీ అతని బాధ ఎడమకాలి మడమ పైన ఒక మొండి పుండు. రోజంతా పొయ్యి ముందు నిలబడి నిలబడి కాళ్ళలో నరాలు ఉబ్బాయి. ఎప్పుడో గిన్నె అంచు తగిలి గీరుకున్నది పుండయి కూర్చుంది. మందులు వాడితే పైన చెక్కు కట్టేది, నెల తిరక్కుండా మళ్ళీ నోరు తెరిచేది. ప్యాంటు కింద గుడ్డ చుట్టుకుని దాచుకొస్తుంటే, ఒకరోజు క్యాంపు బాస్ గులాం నబీ కంట పడింది.

గులాం నబీ చెడ్డవాడు కాదు, భయస్థుడు. వంటింట్లో పనిచేసేవాళ్ళ హెల్త్ కార్డులు రంజాన్ వెళ్ళాక కొత్తవి చేయించాలి, ఆ పరీక్షలో పచ్చి పుండు కనిపిస్తే నిన్ను పొయ్యి దగ్గరికి రానివ్వరని చెప్పాడు. పైగా మెస్‌ను బయటి కేటరింగ్ వాళ్ళకు అప్పగించేద్దామని ఆఫీసువాళ్ళు ఎప్పట్నించో చూస్తున్నారు. వాళ్ళకొక సాకు కావాలి, అంతే. అంటే రంజాన్ దాటేలోగా పుండు మానాలి. మానకపోతే భీమన్న చేతిలో గరిటె పోతుంది, ఇంటికి టికెట్ వస్తుంది.

కౌండిన్య ఆ పుండును రోజూ త్రిఫల కషాయంతో కడిగించేవాడు. నూనెలో తడిపిన గుడ్డ పెట్టి, కాలివేళ్ళ నుంచి మోకాలి దాకా బిగుతుగా కట్టు కట్టించేవాడు. చుట్టూ నల్లబడ్డ చోట జలగలను కూడా పట్టించాడు. జలగ అన్న మాటకే నేను కర్టెన్ ఇవతల కళ్ళు గట్టిగా మూసుకున్నాను. భీమన్న మాత్రం దాన్ని ముచ్చటగా చూస్తూ కూర్చున్నాడట.

"గల్ఫ్ ఏజెంట్ కంటె నయమే టీచరమ్మా. కడుపు నిండంగనే ఇడుస్తది" అన్నాడు.

అంతా బాగానే ఉంది, పేచీ పథ్యం దగ్గర వచ్చింది. పులుపు, కారం, ఎండుచేప, వంకాయ, పెరుగు బంద్. పెసరపప్పు, బీరకాయ, సొరకాయ తినొచ్చు. భీమన్న బుద్ధిగా తనకు వేరే చిన్న గిన్నెలో అవే వండుకునేవాడు. అయినా వారాలు గడుస్తున్నాయి గానీ పుండు ఉన్నచోటే ఉంది. నోరు కట్టుకుంటున్నావా లేదా అని కౌండిన్య అడిగాడు. కనకవ్వ మీద ఒట్టేశాడు భీమన్న. డాక్టరుకు అనుమానం తీరలేదు. అసలు వంట ఎలా చేస్తావో చేసి చూపించమన్నాడు. భీమన్న లేచి నిలబడి, లేని గరిటెతో లేని పులుసు తీసి, ఎడమ అరచేతిలో చుక్క వేసుకుని సర్రున జుర్రాడు. పప్పుకొకసారి, పులుసుకు రెండుసార్లు, కూరకు మళ్ళీ. పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే.

ఇదేమిటని కౌండిన్య నిలదీశాడు.

"రుచి జూసుడు డాక్టర్ సాబ్" అన్నాడు భీమన్న. "రుచి జూసుడు తినుడెట్లయితది?"

నిజం చెప్పాలంటే నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. దేవుడికి నైవేద్యం వండేటప్పుడు తప్ప రుచి చూడకుండా వండేవాళ్ళెవరు? అరచేతిలో చుక్కను భోజనం కింద ఎవరు జమకడతారు? ఆ చుక్కల వల్లే పుండు మానలేదో, రోజంతా నిలబడటం వల్ల మానలేదో నేను చెప్పలేను. కౌండిన్య రెండింటినీ బంద్ చేశాడు. ఎత్తు కుర్చీలో కూర్చుని, ఎదురుగా స్టూలు మీద కాలు చాపుకుని, పనివాళ్ళ చేత వంట చేయించాలి. నాలుక మీద చుక్క పడటానికి వీల్లేదు. కావాలంటే ఇంకొకరి చేత రుచి చూపించుకోవచ్చు.

ఆ ఆఖరి మాటకు భీమన్న మొహం మాడిపోయింది. తన పులుసులో ఇంకొకడి నాలుకా? ఇన్నేళ్ళ చెయ్యి, ఉప్పెంతో దానికి తెలుసు, ఎవడూ అక్కర్లేదన్నాడు. మరుసటి వారం వచ్చి గొప్పలు మొదలుపెట్టాడు. రుచి చూడకుండానే వండుతున్నాడట. గిన్నెలు అడుగంటా ఖాళీ అవుతున్నాయట. ఒక్కడంటే ఒక్కడు వంక పెట్టలేదట. నాలుకతో పనే లేదని తేలిపోయిందట. గొప్పల సంగతి ఎలా ఉన్నా పుండు అంచులు ఎర్రగా తిరిగి దగ్గరపడటం మొదలైంది. నా మోకాళ్ళు కూడా కాస్త మాట వింటున్నాయి. ఆ సంతోషంలో శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి క్యాంపుకు రమ్మని మమ్మల్ని పిలిచాడు.

అల్ ఖువైర్‌లో ఒక బ్యాంకులో పనిచేసే మా ఆయనకు కొత్తచోట భోజనమంటే మొహమాటం. బలవంతాన కారెక్కించాను. మేం వెళ్ళేసరికి మెస్ హాలు కిటకిటలాడుతోంది. వంటింట్లో భీమన్న ఎత్తు కుర్చీలో కాలు చాపుకుని, గరిటె ఝళిపిస్తూ పనివాళ్ళ మీద కేకలు వేస్తున్నాడు. మాకు బల్ల దగ్గర చోటిచ్చి పప్పు, చింతపులుసు, వంకాయ కూర వడ్డించారు.

మొదటి ముద్ద నోట్లో పెట్టాను. పప్పు ఉప్పుకషాయం. ఉప్పు రెండుసార్లు పడిందని చిన్నపిల్ల కూడా చెబుతుంది. పులుసులో అసలు ఉప్పే లేదు, పళ్ళు జివ్వుమనే పులుపు మాత్రం ఉంది. ఉప్పు వేశాడో లేదో ఇన్నాళ్ళూ అతనికి చెప్పింది అరచేతిలోని ఆ చుక్కే. అది పోయాక చెయ్యి దిక్కు తెలియక వేసినచోటే మళ్ళీ వేస్తోంది, వెయ్యాల్సినచోట మరిచిపోతోంది. మా ఆయన ముద్ద మింగలేక నావైపు దీనంగా చూశారు. నేను ఊరుకునే మనిషిని కాదు. భీమన్నను పిలవబోయాను.

ఎదురుగా కూర్చున్న మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. నడివయసు మనిషి, లింబాద్రి అని తర్వాత తెలిసింది. వద్దని కళ్ళతోనే చెప్పాడు. అప్పుడు చుట్టూ చూశాను. అంతమందీ తలలొంచుకుని శ్రద్ధగా తింటున్నారు. ఎవరి పళ్ళెంలోనూ మెతుకు మిగల్లేదు. నీళ్ళ బాటిళ్ళు మాత్రం చకచకా ఖాళీ అవుతున్నాయి. లింబాద్రి జేబులోంచి కాగితం పొట్లం తీసి, బల్ల చాటున చిటికెడు ఉప్పు తన పులుసులో వేసుకుని, పొట్లం నావైపు జరిపాడు. పక్కవాడి జేబులోనూ పొట్లం ఉంది. అవతలివాడి జేబులోనూ ఉంది.

గులాం నబీ అటుగా వచ్చి ఖానా ఎలా ఉందని అడిగాడు. ఏక్ నంబర్ అని బల్లకు బల్లే బదులు చెప్పింది. అంతలో భీమన్న కుంటుకుంటూ మా దగ్గరికే వచ్చాడు.

"ఎట్లున్నది టీచరమ్మా?"

పరీక్ష పేపర్లో అరమార్కు కూడా ఊరికే వెయ్యని నేను, "అమోఘంగా ఉందయ్యా" అన్నాను. మా ఆయన ఇల్లు చేరేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నారు.

బయల్దేరే ముందు చేతులు కడుక్కునే చోట లింబాద్రిని పట్టుకుని ఇదేం నాటకమని అడిగాను. అతను నెమ్మదిగా చెప్పాడు. వంట బాగోలేదని ఒక్కడు నోరు జారినా అది ఆఫీసుకు చేరుతుంది, వాళ్ళకు కావలసిన సాకు దొరుకుతుంది. పోనీ భీమన్నకే చెబుదామంటే, ఆ మొండిమనిషి ఆ పూటే అరచేతిలో చుక్క వేసుకుంటాడు, పుండు మానదు. అందుకని ఎవరికి వారే నోరు మూసుకున్నారు. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, ఒకణ్ణి చూసి ఒకడు. ఆ మనుషుల మీద నాకు చెప్పలేనంత గౌరవం పుట్టింది. ఆ పప్పు మీద కోపం మాత్రం తగ్గలేదు.

రంజాన్ వెళ్ళింది. పుండు మూసుకుని, దాని మీద లేత వంకాయ రంగులో కొత్తచర్మం వచ్చింది. పరీక్ష చేసిన డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, సరే పొమ్మన్నారట. హెల్త్ కార్డు చేతికొచ్చాక కౌండిన్య పథ్యం సడలించాడు. కట్టు బదులు వేసిన బిగుతు మేజోడు విప్పకూడదు, కుర్చీ వదలకూడదు, నాలుక మీద చుక్క మాత్రం వేసుకోవచ్చు. భీమన్న పొంగిపోయి వచ్చే శుక్రవారం అందరం రావాలన్నాడు. మొదటి చుక్క అందరి ముందే వేసుకుంటానని పంతం పట్టి, ఆ పూట కూడా రుచి చూడకుండానే వండాడు. విషయం తెలిసిన మా ఆయన ఇంట్లోనే తిని బయల్దేరారు.

అందరూ బల్లల ముందు కూర్చున్నారు. కౌండిన్య ఉన్నాడు, గులాం నబీ ఉన్నాడు. భీమన్న గిన్నె పక్కన నిలబడి, గరిటెతో పులుసు తీసి, అరచేతిలో చుక్క వేసుకుని జుర్రాడు. నేను లింబాద్రి వైపు చూశాను. అతను బల్ల వైపు చూస్తున్నాడు. భీమన్న మొహం మీది నవ్వు నెమ్మదిగా పోయింది. ఇంకో చుక్క వేసుకున్నాడు. తర్వాత పప్పు, తర్వాత కూర. గరిటె గిన్నెలో వదిలేశాడు.

"ఇన్ని దినాలు గిదే తిన్నరా?"

లింబాద్రి లేచాడు.

"నాకు కామెర్లయినప్పుడు నాకొక్కనికే వేరే పొయ్యి మీద చప్పిడి కూర వండిపెట్టినవ్. ఒక్కనాడన్న యాష్టకొచ్చి ఇసుక్కున్నవా? ఇప్పుడు నీతోని మేం గూడ పథ్యమున్నం. గంతే."

సంగతి అర్థమైన గులాం నబీ, పారబోసి మళ్ళీ వండించమన్నాడు. ఇంత ఉప్పు మంచిది కాదని కౌండిన్య అడ్డుపడ్డాడు. భీమన్న ఇద్దరి మాటా వినలేదు. పళ్ళెం తీసుకుని, అన్నం పెట్టుకుని, పప్పూ పులుసూ నిండుగా పోసుకుని వచ్చి, లింబాద్రి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా తిన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. పళ్ళెం ఖాళీ అయ్యాక ఇక లేస్తాడని అనుకున్నాం. భీమన్న లేవలేదు. పళ్ళెం ముందుకు చాపి, మారు వడ్డించమన్నాడు.