బుల్లమ్మ పాతిన డబ్బా

తుమ్మపాల దాటాక ఉన్న మా ఊరి చెరకు తోటల్లో, ఎవరూ నాటకుండా మొలిచే ప్రతి ఆకూ బుల్లమ్మకి తెలుసు. పొన్నగంటి, చెంచలి, గలిజేరు... కాడ తుంచి, ఆకు తిరగేసి చూసి, ఏది కూరకి పనికొస్తుందో, ఏది కడుపు తిప్పుతుందో చెప్పేస్తుంది. తుపానుకి దారులు మునిగి కూరగాయల బండి రాని రోజుల్లో అత్తింటిని నిలబెట్టింది ఆమె ఒడిలో తెచ్చిన ఆకులే. అత్త అప్పలకొండమ్మ ఆ సంగతి వచ్చిన చుట్టానికల్లా చెప్పుకునేది. బుల్లమ్మకి నగా నట్రా ఏమీ లేవు. ఉన్నది ఆ పేరొక్కటే.

దానికి పోటీ వచ్చింది తోడికోడలు కుమారి. ఆకులు గుర్తుపట్టడం ఆమెకి నేర్పింది బుల్లమ్మే. ఖర్మ కాలింది అక్కడే. ఒకనాడు అత్త గలిజేరు పప్పు కలుపుకుని తింటూ, "సిన్నదాని సేతిలో ఏదో ఉందే. పెద్దదానికి ఇలగ కుదర్నేదు ఎప్పుడూ" అంది. పెద్దది పక్కనే నిలబడి మంచినీళ్ళు పోస్తోంది. ఆ పూట బుల్లమ్మకి ముద్ద దిగలేదు. కుమారి వచ్చి అక్కని పిలిచినట్టు "తిను అప్పా" అంటే ఒళ్ళు ఇంకా మండింది.

ఇక బుద్ధి వంకర తిరిగింది. మా ఊళ్ళో గడ్డిమందు కొట్టిన చేను గట్టున కర్ర పాతి, దాని మీద ఆ మందు ఖాళీ డబ్బా బోర్లిస్తారు. అది కనిపిస్తే ఎవరూ ఆ చేలో ఆకు కోయరు, మేకని కూడా తోలరు. గలిజేరు గుబురుగా మొలిచేది నానాజీ చేలో. బుల్లమ్మ ఎక్కడిదో పాత డబ్బా తెచ్చి ఆ గట్టున బోర్లించింది. జనం అటు పోవడం మానేశారు. తను మాత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి కోసుకునేది. ఎంత తెలివో చూడండి!

కుమారి తక్కువ తిందా? ఎన్నాళ్ళైనా ఆ చేలో గడ్డి ఎండకపోవడం చూసి కిటుకు పట్టేసింది. నోరెత్తకుండా తనూ కోసుకొచ్చేది. అత్త మెప్పు మళ్ళీ చిన్నకోడలికే.

ఆ రోజు తెల్లారుతూనే నానాజీ నిజంగా మందు కొట్టాడు. గట్టున డబ్బా ఎవరు పెట్టారో గానీ, ఎలాగూ ఉంది కదా అని వేరేది పెట్టలేదు. ఎండెక్కాక దారిలో బుల్లమ్మ ఎదురైతే, "వదినా, మా సేనుకేసి ఎల్లకు, పొద్దున్నే మందు కొట్టేను" అన్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి అత్త కంచం ముందు కూర్చుని ఉంది. కుమారి వేడివేడి గలిజేరు పప్పు వడ్డిస్తోంది.

"ఇదెక్కడ కోసేవే?" అంది బుల్లమ్మ.

"నానాజీ బావ సేలో."

"తినకత్తా! ఆడు మందు కొట్టేడు!"

కుమారి నవ్వింది. "ఆ డబ్బా నువ్వే పెట్టేవని నాకు తెలుసప్పా. ఇంకా ఎందుకీ ఏసాలు? నే కోసినప్పుడు ఆకు తడిగానే ఉంది. మంచుకి తడిస్తే మందైపోద్దా?"

"నా నోటికాడ కూడు మీద కూడా నీకు కుళ్ళేనా?" అంటూ అత్త ముద్ద ఎత్తింది.

బుల్లమ్మ కంచం లాగేసింది. గిన్నెతో సహా పెరట్లోకి పట్టుకుపోయి, పప్పంతా గోతిలో పోసి మన్ను కప్పేసింది. అత్త తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. నిజం చెబితే నమ్మేవాళ్ళు లేరు. నమ్మకం పోగొట్టుకున్నది తనే మరి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ గిన్నె బోర్లిస్తున్నప్పుడు బుల్లమ్మకి కాస్త సుఖంగా కూడా అనిపించింది.

నాలుగు రోజులకి నానాజీ చేలో గలిజేరంతా మాడి పడిపోయింది. అది చూసి కుమారి పరుగున వచ్చి బుల్లమ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తని సంపేసుందును అప్పా, నువ్వు నేకపోతే" అని ఏడ్చింది.

"తప్పు ఒప్పుకుంది సూడు, సిన్నదాని మనసు ఎంత మంచిదో!" అంది అత్త.

బుల్లమ్మ పళ్ళు నూరుకుంది.

వానలు పడ్డాక కాలవ గట్టున కొత్త గలిజేరు మొలిచింది. మొదట చూసింది బుల్లమ్మే. మర్నాడు నానాజీ గట్టు మీది పాత డబ్బాని చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఇప్పుడు పాతితే కుమారి చచ్చినా అటు రాదు. కానీ ఇదీ ఉత్తదేనని రేపు ఇంకెవరైనా కనిపెడితే? ఆ తర్వాత నిజం డబ్బానైనా ఎవరు నమ్ముతారు? చివరికి డబ్బాని కాలితో తొక్కి నుజ్జు చేసి, కుమారిని కేకేసింది.

"ఇలగ రాయే. సిగుళ్ళే తుంచు, యేరు పీకీకు."

ఆ పూట పప్పు కుమారే వండింది. అత్త ఎప్పటిలాగే మెచ్చుకుంది. బుల్లమ్మ గరిటెడు వేసుకుని తింది. ఇంకో గరిటె వేసుకుంది. నిజంగానే బాగుంది. ఆమె ఏడుపంతా అదే.