నిశ్శేషం గారి చీటీలు

సోమవారం పొద్దున జోరువానలో, ఖాళీగా వచ్చిన ఇరవై తొమ్మిదో నంబరు బస్సులు మూడింటిని వదిలేసి, ముప్పై ఆరో నంబరు కోసం నిలబడి, నిశ్శేషం గారు గంట ఆలస్యంగా, తడిసి ముద్దయి ఆఫీసుకొచ్చారు.

"ఇరవై తొమ్మిదిని రెండు భాగించదు, తొమ్మిదీ భాగించదు. సొంత అంకెలతోనే పొసగని బస్సుని నమ్మి ఎలా ఎక్కమంటారు?" అన్నారు, చొక్కా పిండుకుంటూ.

అదీ ఆయన జబ్బు. ఏ సంఖ్య కనబడినా, దాని అంకెలు దాన్ని శేషం లేకుండా భాగిస్తాయో లేదో చూడందే మంచినీళ్ళు ముట్టరు. ప్రోగ్రాములు రాయడంలో ఉద్దండుడే. అసలు పేరు మాత్రం జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్ళిచూపుల్లో భార్య వయసు ఇరవై నాలుగని తెలియగానే పెళ్ళికి ఒప్పేసుకున్నారట. ఇరవై అయిదు వచ్చాక ఏడాదంతా తనని సగం అనుమానంగా చూశారని ఆవిడే చెబుతుంది.

ఈ మహానుభావుడి పక్క బల్ల కొత్తమ్మాయిది. శుక్రవారం ఆమెకి పరీక్ష. ఆయనకి ప్రాణమైన లెక్కే: ఏ సంఖ్య ఇచ్చినా, దాని అంకెల్లో ఎన్ని దాన్ని భాగిస్తాయో చెప్పే ప్రోగ్రాం రాయాలి. తప్పితే ఉద్యోగం ఊడుతుంది; మళ్ళీ అక్కయ్య ఇంట్లో సోఫా, పక్కగదిలోంచి బావగారి గురక. ఎవరూ ఆమెకి ఒక్క మాట చెప్పకూడదని మేనేజరు హుకుం.

మంగళవారానికే రాసేసింది. నూట ఇరవై నాలుగు ఇస్తే మూడంది. ఇంకేం, ధీమాగా కాళ్ళు చాపుకుంది.

బుధవారం ఆమె నీళ్ళసీసాకి ఒక చీటీ అంటించి ఉంది: 10. గురువారం కుర్చీకి: 205. మధ్యాహ్నానికి చేతిసంచికి: 1008.

"ఏంటండీ ఈ పిల్లచేష్టలు?"

ఆయన కిటికీలోంచి కార్ల నంబర్లు చూస్తూ "ఊఁ" అన్నారు.

"ముసలాయనకి బొత్తిగా పనిలేదే!" అని ఆమె అక్కయ్యకి ఫోన్లో మొరపెట్టుకుంది.

శుక్రవారం ఆమె పెందలాడే వస్తే, ఆఫీసు ముందు ఆయన బస్సు దిగుతున్నారు. ఇరవై తొమ్మిదో నంబరు! మొహం చేదుమాత్ర మింగినట్టుంది. పలకరింపైనా లేకుండా, ఆమె చేతిలో మడిచిన గొడుగుకి ఒక చీటీ ఫట్టుమని అంటించి వెళ్ళిపోయారు: 40.

ఈయన ఇరవై తొమ్మిది ఎక్కారంటే ఎక్కడో కొంప మునుగుతున్నట్టే. ఆమె గబగబా కూర్చుని నలభై కొట్టింది. ప్రోగ్రాం ఢామ్మని ఆగిపోయింది. పది కొట్టింది. మళ్ళీ ఢాం. సున్నాతో భాగించమంటే పాపం కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది? సున్నా వస్తే వదిలెయ్యమని ఒక్క వరుస చేర్చింది.

పదింటికి మేనేజరు వచ్చి, మీసం దువ్వుకుని, 7080 కొట్టాడు. తెర మీద బుద్ధిగా "1" వచ్చింది. ఎనిమిది ఒక్కటే భాగిస్తుంది మరి. వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

సాయంత్రం మళ్ళీ వాన. బస్టాపులో ముప్పై ఆరు కోసం నిలబడ్డ నిశ్శేషం గారిని ఆమె తడుస్తూనే పట్టుకుంది.

"ఉద్యోగం నిలబెట్టారు, బాగానే ఉంది. మీ జిగురు ధర్మమా అని ఈ గొడుగు తెరుచుకోవట్లేదండీ!"

"పది దగ్గరే నువ్వు కళ్ళు తెరిచుంటే, నేను గొడుగు దాకా వచ్చేవాణ్ణా తల్లీ?"